తాపేశ్వరం దారిలో ఇద్దరు పత్యం మనుషులు

గోదావరి జిల్లాల్లో ‘చాలండీ’ అన్న మాటకి నిఘంటువులో ఉన్న అర్థం పనిచేయదు. అక్కడ దానికి ‘ఇంకో గరిటె వేయండి’ అని అర్థం. ఆకు మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి నెయ్యి పోస్తారు. ‘బరువు తగ్గుతున్నానండీ’ అని చెప్పి చూడండి. ‘ఆయ్, తప్పకుండా తగ్గండి, ఈ ఒక్క బొబ్బట్టూ తిన్నాక’ అంటారు. అందులో వెటకారం ఉండదు, నిజంగా ప్రేమే. అలాంటి చోటికి, ఐదు నెలలుగా ఆకలితో బేరాలాడుకుంటూ తొమ్మిది కిలోలు తగ్గిన మనిషి మూడు రోజులు వెళ్తే ఏమవుతుంది? మొన్న మాఘమాసంలో బాబాయి కూతురి పెళ్లి పుణ్యమా అని ఆ ప్రయోగం నా మీదే జరిగింది.

ముందు అంకెలు చెప్పేస్తా. ఎత్తు 172 సెంటీమీటర్లు. మొదలుపెట్టినప్పుడు బరువు 91 కిలోలు, అంటే బీఎంఐ 30 పైనే. మన దేశంలో మన ఒంటితీరుని బట్టి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్కేస్తారు. కంపెనీ హెల్త్ చెకప్‌లో హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 మధ్య ఉందంటే షుగర్ ఇంకా లోపలికి రాలేదు గానీ గుమ్మంలో చెప్పులు విప్పుతోందని. కాలేయంలో కొవ్వుందని స్కానింగ్ వాళ్లు రాశారు. మా టీమ్‌లో సగం మందికి ఇవే రిపోర్టులు. క్యాంటీన్‌లో కూర్చుని క్రికెట్ స్కోర్లలా పోల్చుకుని నవ్వుకున్నాం కూడా.

నాకైతే ఇంటికెళ్లాక నవ్వు రాలేదు. మా ఇంట్లో షుగర్ కొత్త చుట్టం కాదు. తాతయ్యకి ఉండేది. చివరి నాలుగేళ్లు ఎడమ కాలు మోకాలి కింద లేకుండా గడిపారు. అరుగు మీద కుర్చీలో కూర్చుని, లేని పాదం దురద పెడుతోందనేవారు. నాన్నకి పద్నాలుగేళ్లుగా మాత్రలు నడుస్తున్నాయి. అంచేత ఆ 6.1 నాకు ల్యాబ్ కాగితం మీద అంకెలా కనపడలేదు. అరుగు మీద కుర్చీలా కనపడింది.

ఈ ఐదు నెలల్లో నేను చేసిందేమీ వీడియో తీసి పెట్టేంత గొప్పది కాదు. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి. రోజుకి 500 తక్కువ తింటే వారానికి దాదాపు అరకిలో తగ్గాలి, కాగితం మీద. మా వృత్తిలో ఉన్నవాళ్లకి ఈ కూడికలు, తీసివేతలు ఓ లెక్క కాదు. లెక్కకి లొంగనిదల్లా ఆకలి.

ఆకలి వేరు, యావ వేరు

తెలుగులో దీనికి చక్కటి మాట ఉంది, యావ. తిండి యావ. మామ్మ నన్ను చిన్నప్పుడు ఆ మాటతోనే తిట్టేది. ఆకలికీ యావకీ తేడా పట్టుకోవడం నాకు తెలిసి ఈ మొత్తం వ్యవహారంలో సగం పని. పప్పన్నం పెట్టినా సరే అనేది ఆకలి. పప్పన్నం వద్దు, పకోడీయే కావాలి అనేది యావ. ఆకలి కడుపులో మొదలై మెల్లగా పెరుగుతుంది. యావ నోట్లో మొదలై ఒక్కసారిగా మీద పడుతుంది. ఇంకో తేడా కూడా ఉంది. యావకి అడ్రస్ ఉంటుంది.

నాకు సాయంత్రం నాలుగింటికి సమోసా కావాలి. కానీ ఆఫీసుకి వెళ్లిన రోజునే. ఇంటి నుంచి పనిచేసే రోజు నాలుగవుతుంది, ఐదవుతుంది, సమోసా గుర్తే రాదు. గచ్చిబౌలిలో డీఎల్ఎఫ్ ఎదురు వీధిలో రాత్రి పదకొండింటికి ఫ్రైడ్ రైస్ కడాయి మీద గరిటె టంగుమని మోగితే, అప్పుడే భోంచేసి బయటికొచ్చిన వాడి కాళ్లు కూడా అటే తిరుగుతాయి. ఆ కడుపుకి ఆకలి లేదు. ఆ వీధికి ఉంది. అమెరికా కాల్ అయ్యాక తింటూ వచ్చిన వాడికి కాల్ అయితే చాలు నోరూరుతుంది. చోటు, వేళ, వాసన, పక్కన కూర్చునే మనిషి, ఇవన్నీ కలిసి బెల్లు కొడతాయి. హైదరాబాద్‌లో నేను ఐదు నెలలు నెట్టుకొచ్చింది నా నిగ్రహం వల్ల కాదు, దారి మార్చడం వల్ల. పాంట్రీ ముందు నుంచి కాకుండా మెట్ల వైపు నుంచి వెళ్లేవాణ్ని. డెలివరీ యాప్ తీసేశా. నాలుగు కాకముందే గుప్పెడు శనగలు, గ్లాసు మజ్జిగ.

గోదావరి జిల్లాల్లో ఆ పప్పులుడకవు. అక్కడ దారి మారిస్తే ఇంకో మిఠాయి ఊరొస్తుంది.

లింగంపల్లిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కా. డబ్బాలో రెండు పెసరట్లు, రెండు గుడ్లు పెట్టుకున్నా. సికింద్రాబాద్ దాటక ముందే తినేశా. కడుపు నిండింది. కాసేపయ్యాక ఎదురు బెర్తు వాళ్లు స్టీలు క్యారేజీ మూత తీశారు. పులిహోర. ఇంగువ, వేయించిన వేరుశనగపప్పు, కరివేపాకు, ఆ వాసన ఏసీ బోగీలో ఎటూ పోదు, అక్కడే తిరుగుతుంది. ‘కొంచెం తీసుకో నాన్నా’ అని ఆవిడ పేపర్ ప్లేట్ చాపింది. ‘ఇప్పుడే తిన్నానండీ, థాంక్సండీ’ అని పై బెర్తెక్కి అటు తిరిగి పడుకున్నా.

ఇక్కడ కాస్త సైన్సు. కడుపు నుంచి మెదడుకి ‘తిండి’ అని కబురు పంపే హార్మోన్ గ్రెలిన్. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. దీని అలవాటు భలే తమాషాగా ఉంటుంది. మనం రోజూ ఏ వేళకి తింటామో ఆ వేళకి తనంతట తనే పెరుగుతుంది. అచ్చం సర్వర్‌లో పెట్టిన క్రాన్ జాబ్ లాగా. ఆ వేళ దాటిపోతే, ఏమీ తినకపోయినా కాసేపటికి మళ్లీ తగ్గుతుంది. అంటే ఆకలి గీత పైపైకి పోతూనే ఉండదు. అలలా లేచి పడుతుంది. ఇది తెలిసే వరకు నేను ఆకలేస్తే భయపడేవాణ్ని, ఇప్పుడు ఆపకపోతే ఇంకా పెరిగిపోతుందేమోనని. తెలిశాక గడియారం చూడ్డం మొదలెట్టా. ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. యావైతే పోతుంది. పోలేదంటే అది ఆకలే, తినాలి. ఆకలేసినప్పుడు తినకుండా మొండికెయ్యడాన్ని నేను గొప్పతనం అనుకోను.

ఎందుకంటే పస్తులుంటే ఏమవుతుందో ఎప్పుడో చూసేశారు. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకి ఆరు నెలల పాటు దాదాపు సగం తిండి పెట్టి చూశాడు. వాళ్లకి వేరే ఆలోచనే లేకుండా పోయింది. వంటల పుస్తకాలు పోగేసుకుని చదివారు. కలల్లో కూడా తిండే. ఇది చదివినప్పుడు నాకు మా రూమ్మేట్ గుర్తొచ్చాడు. జ్యూసుల డైట్ మీదున్న పది రోజులూ వాడు రాత్రి ఒంటిగంట దాకా బిర్యానీ రీల్స్ చూస్తూ పడుకునేవాడు. పదకొండో రోజు ఏమైందో చెప్పక్కర్లేదు కదా.

నిద్ర సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2004లో షికాగోలో పన్నెండు మంది కుర్రాళ్లని వరసగా రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి పరీక్షించారు. పది గంటలు పడుకున్నప్పటితో పోలిస్తే గ్రెలిన్ 28 శాతం పెరిగింది, ‘ఇక చాలు’ అని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది. రాత్రి రైల్లో సరిగ్గా నిద్రపోని వాడు తెల్లారి మిఠాయి కొట్టుకి వెళ్తే అక్కడ గెలిచేది వాడు కాదు. తాపేశ్వరంలో నాకు ఈ మాట పదే పదే గుర్తొచ్చింది.

అమ్మ వేసిన ప్లాను

కొవ్వూరు దాటి బండి గోదావరి మీదికి రాగానే మెలకువొచ్చింది. కిటికీలోంచి చూస్తే మంచు, కింద నీళ్లు, పక్కన 1974లో కట్టిన రోడ్డు కమ్ రైలు వంతెన లైట్లు. రాజమండ్రి స్టేషన్ బయట నాన్న స్కూటర్‌తో ఉన్నారు. నన్ను చూడగానే ‘సగమైపోయావేంట్రా’ అన్నారు. 91 లోంచి 9 పోతే సగం కాదు నాన్నా అంటే వినే మనిషి కాదు.

ఇంట్లో కాఫీ కాకముందే అమ్మ పని చెప్పింది. పెళ్లికి మడత కాజాలు తాపేశ్వరంలో, పూతరేకులు ఆత్రేయపురంలో. ఫోన్‌లో చెప్పేయొచ్చు కదా అంటే ఒప్పుకోదు. నెయ్యి వాసన చూసి, శాంపిల్ తెచ్చి, అడ్వాన్స్ కట్టి రావాలి. ఆ పనికి ఎంచుకున్నది నాన్ననీ నన్నూ. ‘మీ ఇద్దరూ తినరు కదా, శాంపిల్ డబ్బాలు నిండుగా తిరిగొస్తాయి’ అంది. నాన్నా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ ఇంట్లో మా ఇద్దరి మీద అంత నమ్మకం ఉన్న మనిషి ఆవిడొక్కతే.

బయల్దేరే ముందు నేను కడుపు నిండా తిన్నా. ఇది మాత్రం కావాలనే చేశా. ఇడ్లీలు మూడు, ఓ పెద్ద గిన్నెడు పప్పుచారు, రెండు గుడ్లు. ఖాళీ కడుపుతో మిఠాయి ఊరికి వెళ్లడం జీతం రోజున షాపింగ్ మాల్‌కి వెళ్లడం లాంటిది. 1995లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో సుజానా హోల్ట్ బృందం 38 రకాల తిండి పదార్థాలు ఒకే కేలరీలకి కొలిచి పెట్టి, ఏది ఎక్కువసేపు కడుపు నింపుతుందో చూసింది. అన్నిటికంటే పైన నిలిచింది ఉడకబెట్టిన బంగాళాదుంప. అన్నిటికంటే కింద క్రోసాంట్, అంటే మైదా, వెన్న మడతలు పెట్టి కాల్చే ఫ్రెంచ్ రొట్టె. మైదా మడతలు! తాపేశ్వరం వాళ్లు ఈ మాట వింటే ఏమంటారో గానీ, మడత కాజాకి అది దూరపు చుట్టమే.

ద్వారపూడి బట్టల కొట్లు, మండపేట దాటితే తాపేశ్వరం. ఊరు చిన్నది, పేరు పెద్దది. 2016లో 29,465 కిలోల లడ్డూ చేసి గిన్నిస్ రికార్డుకెక్కింది ఇక్కడే. రోడ్డుకి రెండు పక్కలా కాజాల కొట్లు. వాసన ఊరికంటే ముందే వస్తుంది. మరిగే నూనె, యాలకులు, పాకం. స్కూటర్ వేగం దానంతటదే తగ్గింది, నాన్న బ్రేకు వేశారో లేదో మరి.

వెనక వంటశాలలో పలచగా ఒత్తిన పిండి రేకుల్ని పొరలుగా చుట్టి, ముక్కలు కోసి, ఒత్తి, నూనెలోకి వదులుతున్నారు. పొరలు విచ్చుకుంటాయి. అక్కణ్నుంచి పాకంలోకి. లెక్క తెలిసిన కంటితో చూస్తే గ్రాము పిండికి నాలుగు కేలరీలు, గ్రాము నూనెకి తొమ్మిది, ఆ పొరల మధ్య పాకం పట్టేంత ఖాళీ. మనిషి యావ కోసం ఎవరో కూర్చుని డిజైన్ చేసినట్టుంటుంది. నిజానికి చేశారు కూడా, మనకంటే చాలా తరాల ముందు, ఏ ల్యాబూ లేకుండా.

కౌంటర్ దగ్గర కుర్రాడు రెండు వేడి కాజాలు ఆకులో పెట్టి ‘రుచి చూడండి సార్’ అన్నాడు. నాన్న చెయ్యి సగం దాకా వెళ్లి ఆగింది. నా వైపు చూశారు. అరవై ఏళ్ల మనిషి, కొడుకు వైపు, అడుగుతున్నట్టు. ఆ చూపు నాకు నచ్చలేదు. ఆయన ఎప్పుడూ ఎవర్నీ అడిగి తిన్న మనిషి కాదు. పద్నాలుగేళ్లుగా అమ్మ, డాక్టరు, అత్త, చివరికి పక్కింటి వాళ్లు కూడా ‘మీకు షుగర్ కదండీ’ అంటూ ఆయన ప్లేటు మీద కన్నేసి ఉంచారు. దాంతో స్కూటర్ డిక్కీలో బెల్లం జీళ్ల పొట్లం ఉంటుందని ఇంట్లో అందరికీ తెలుసు. తెలుసని ఆయనకీ తెలుసు.

‘మీరేమంటే అది నాన్నా’ అన్నా.

‘నువ్వు తింటావా?’

‘నేను సాయంత్రం ఆత్రేయపురంలో ఓ పూతరేకు తింటా. రాత్రే అనుకున్నా. దాని కోసం కాజా వదిలేస్తున్నా.’

‘ముందే అనుకుంటావా? తిండి కూడానా?’ అని నవ్వారు. తర్వాత కాజాని మధ్యకి విరిచి, సగం నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని తిన్నారు. మిగతా సగం ఆకులోనే ఉంచి కుర్రాడికిచ్చేశారు. జేబులోంచి చిన్న డబ్బీ తీసి లవంగం ఒకటి బుగ్గన పెట్టుకున్నారు. ‘ఇది నా మందు. ఇది పెట్టుకున్నాక ఇంకే తీపీ బాగుండదు’ అన్నారు. ఇన్నేళ్లలో ఆ డబ్బీ వక్కపొడిదనుకున్నా.

తేగలు, మోహిని, కాటన్ దొర

ఆలమూరు మీదుగా జొన్నాడ చేరి, గౌతమి మీద వంతెన దాటితే రావులపాలెం. ఇక్కడ అరటి గెలల సంత. లారీల్లో గెలలు నిలబెట్టి పేరుస్తున్నారు. సంత పక్కన ఒకావిడ కాల్చిన తేగలు కట్టలు కట్టి అమ్ముతోంది. పన్నెండున్నర. ఈసారి నిజంగానే ఆకలి, కడుపులోంచి వచ్చింది. కట్ట ఒకటి కొని వంతెన పిట్టగోడ నీడలో కూర్చున్నాం.

తేగ తినడం ఒక పని. పై పొర ఒలవాలి, మధ్యలో ఈనె చీల్చాలి, పీచు తీయాలి, నమలాలి, నమలాలి, ఇంకా నమలాలి. రెండు తేగలకి పావుగంట పట్టింది. దవడలు నొప్పెట్టాయి, కడుపు నిండింది. మెల్లగా తినండి, పీచున్నది తినండి అని పోషకాహార నిపుణులు చెప్పేది తాటిచెట్టు ఎప్పుడో అమల్లో పెట్టేసింది. తేగని గబగబా తినడం కుదరదు. పక్కనే పెద్ద గ్లాసుడు మజ్జిగ, ఉప్పేసి. అసలు భోజనం ఇంటికెళ్లాకేనని ఇద్దరం ఒప్పందం.

ఆత్రేయపురం వెళ్లే ముందు ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి గుడికి వెళ్లాం. ముందు నుంచి చూస్తే విష్ణువు, వెనక్కి వెళ్లి చూస్తే జడ వేసుకున్న మోహిని, ఒకే నల్లరాయి. అమృతం వరసలో కూర్చున్న రాక్షసులు మోహినిని చూస్తూ కూర్చుని అమృతం పోగొట్టుకున్న కథ మనకి తెలిసిందే. ‘చూశావా, యావ వల్లే నష్టం’ అన్నారు నాన్న ప్రదక్షిణ చేస్తూ. దేవతలకి మాత్రం యావ లేదా అని అడుగుదామనుకుని గుడి కదా అని ఊరుకున్నా.

ఆత్రేయపురంలో ఇల్లిల్లూ పూతరేకుల పొయ్యే. 2023లో ఈ పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన గుండ్రటి కుండ, కింద మంట. పలచటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే, గుడ్డ అటు చేరేలోపు రేకు కాగితంలా లేస్తుంది. ఆ వేగం రాయలేను, చూడాల్సిందే. ఆ రేకులో పంచదార పొడి లేదా బెల్లం, నెయ్యి చల్లి మడుస్తారు.

కుండ ముందు కూర్చున్నావిణ్ని అడిగా, ‘రోజంతా ఇక్కడే ఉంటారు కదండీ, తినాలనిపించదా?’ అని. చెయ్యి ఆపకుండానే నవ్వింది. ‘వచ్చిన కొత్తలో తిన్నామండి. ఇప్పుడు ఇంటికెళ్లేసరికి పచ్చిమిరపకాయ నంజుకుని చద్దన్నం తింటే గానీ నోరు బాగుపడదండి.’

ఆ చిన్న మాటలో పెద్ద సంగతి ఉంది. ఒకే రుచి ముందుంటే నోటికి మొహం మొత్తుతుంది. రుచులు మారుతూ ఉంటే ఆ ‘చాలు’ రాదు. 1981లో బార్బరా రోల్స్ అనే శాస్త్రవేత్త చేసిన ప్రయోగంలో, ఒకే రకం సాండ్‌విచ్ పెట్టినప్పటి కంటే నాలుగు రకాలు పెట్టినప్పుడు జనం మూడో వంతు ఎక్కువ తిన్నారు. నాలుగు రకాలకే! మన పెళ్లి విస్తట్లో ఎన్ని ఉంటాయో మీరే లెక్కేసుకోండి.

నేను అనుకున్న పూతరేకు అక్కడే తిన్నా, బెల్లం వేసింది, ఒకటి. ఫోన్ జేబులో పెట్టి, అరుగు మీద కూర్చుని తిన్నా. నోట్లో పెట్టగానే రేకు కరిగిపోయి నెయ్యి, బెల్లం మిగిలాయి. డబ్బాలో ఇంకా పదకొండున్నాయి. రెండోది తినాలనిపించింది, ఎందుకనిపించదు? డబ్బాకి రబ్బరు బ్యాండు వేసి డిక్కీలో పెట్టా. జీళ్ల పొట్లం పక్కన. జనాలు ‘చీట్ డే’ అంటుంటారు, నాకు ఆ మాట గిట్టదు. పూతరేకు తినడం మోసమెలా అవుతుంది? ఆత్రేయపురం దాకా వచ్చి, పొయ్యి పక్కన కూర్చుని, తాజా రేకు తినడం న్యాయంగా తినడమే. హైదరాబాద్‌లో అర్ధరాత్రి ఎవరో బైక్ మీద తెచ్చిచ్చిన చల్లారిన బ్రౌనీకి మాత్రం నా లెక్కలో చోటు లేదు.

లొల్ల లాకుల మీదుగా బొబ్బర్లంక దాటి, ధవళేశ్వరం బ్యారేజీ మీదికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పుడున్న బ్యారేజీ తర్వాతది. నాన్న స్కూటర్ ఆపి, చిన్నప్పుడు బడిలో చెప్పినట్టు చెప్పారు, ఆనకట్టకి ముందు ఇది కరువు జిల్లా అని. రాత్రి ఇంట్లో పుస్తకంలో చూశా. 1821లో రాజమండ్రి జిల్లా జనాభా దాదాపు 7 లక్షల 38 వేలు. 1841కి 5 లక్షల 61 వేలు. మధ్యలో వరసగా కరువులు. పక్కనే ఇంత నది పారుతుండగా జనం తిండిలేక చచ్చిపోయారు, ఊళ్లొదిలిపోయారు. ఈ ఊళ్లలో ఆ దొర విగ్రహాలు అన్ని ఎందుకున్నాయో ఆ అంకెలు చూస్తే తెలుస్తుంది.

మామ్మ నా కంచంలో నెయ్యి పోస్తూ ‘తిను, ఒంట్లో ఏం లేదు’ అనే మాట వెనక ఆ కరువుంటుందని నా అనుమానం. ఆవిడ చూసిన కరువు కాదు, ఆవిడ మామ్మకి వాళ్ల మామ్మ చెప్పినది. ఆకలి నిజంగా చంపిన నేల మీద, తిండి వద్దనే కుర్రాడు వింతగా కనపడతాడు. అందుకే పెద్దవాళ్లతో కేలరీల గురించి వాదించను. ‘బాగుంది మామ్మా, ఇది కొంచెం మజ్జిగలో వెయ్యి’ అంటే ఆవిడకి పెట్టిన తృప్తి, నాకు పెరుగు, మజ్జిగల కడుపు.

బంతి

పెళ్లి భోజనానికి మూడో బంతిలో కూర్చున్నాం. ఇది కూడా ముందే అనుకున్నది. మొదటి బంతిలో వడ్డించేవాళ్లకి ఓపికెక్కువ, మూడోదానికి చేతులు నొప్పెట్టి ‘వద్దు’ అంటే ఒక్కసారికే వింటారు.

ఆకు నిండింది. పులిహోర, పనసపొట్టు కూర, గుత్తివంకాయ, బంగాళాదుంప వేపుడు, దోసకాయ పప్పు, ముక్కల పులుసు, గారె, బొబ్బట్టు, కాజా, పూతరేకు, ఆవడ. నేను పప్పు, కూరలు, పులుసు ముక్కలతో మొదలుపెట్టా, అన్నం తక్కువ. సగం కడుపు నిండాక మిగతా వాటి వైపు చూశా. అప్పటికి వాటి గొంతు కొంచెం తగ్గింది. ఆవడ వదల్లేదు. పెరుగులో ఆవపిండి ఘాటు ముక్కుకెక్కితే ఆ సుఖం వేరు. బొబ్బట్టు సగం. కాజా, పూతరేకు ముట్టుకోలేదు. వాటి వంతు అయిపోయింది కాబట్టి పెద్ద బాధ కూడా వెయ్యలేదు.

పిన్ని వచ్చింది, బూరెల పళ్లెంతో. ‘ఏరా, నా చేత్తో పెడితే తినవా?’

ఈ ప్రశ్నకి జవాబు ఏ యాప్‌లోనూ లేదు. పక్కనున్న నాన్న అందుకున్నారు. ‘నాన్న కాలు గుర్తుందా వదినా... వాడికి అది గుర్తుంది. వదిలెయ్.’

వదిన అనాల్సింది కాదు, పిన్ని ఆయనకి మరదలు అవుతుంది. తడబడ్డారంటే ఆ మాట అనడం ఆయనకీ కష్టమైందని. తాతయ్య కాలి సంగతి మా ఇంట్లో ఎవరూ పైకి ఎత్తరు. పిన్ని ఓ క్షణం నిలబడి, పళ్లెం ఎడమ చేతిలోకి మార్చుకుని, నా ఆకులో బూరె బదులు ఇంకో గరిటె పప్పు వేసి వెళ్లిపోయింది. నాన్న తన ఆకులో కాజాని అంచుకి జరిపి లవంగం డబ్బీ తీశారు. నాకూ ఒకటిచ్చారు. ఘాటుగా ఉంది. ఆయన చెప్పింది నిజమే, దాని తర్వాత ఇంకే తీపీ బాగుండదు.

సోమవారం పొద్దున హైదరాబాద్‌లో తూకం వేసుకుంటే కిలో రెండొందల గ్రాములు పెరిగా. మూడు రోజుల్లో కిలోకి పైగా కొవ్వు పట్టాలంటే మామూలు తిండికి పైన తొమ్మిది వేల కేలరీలు తినాలి. అంత తినలేదు. పులిహోర, ఆవకాయల ఉప్పుకి ఒంట్లో నిలిచిన నీరే ఎక్కువ. శుక్రవారానికి కిలో పోయింది, ఇంకో రెండొందల గ్రాములు ఎటో తేల్చుకోకుండా ఊగుతున్నాయి. నాన్న రక్తపరీక్ష వచ్చే నెల. డిక్కీలో జీళ్ల పొట్లం ఉందో లేదో నేనడగలేదు, ఆయన చెప్పలేదు. ఫోన్‌లో మాత్రం ‘తేగల కట్టలు రెండు బస్సుకేసి పంపనా’ అన్నారు.

పిన్ని బలవంతంగా బ్యాగులో పెట్టిన పూతరేకుల డబ్బాలు రెండు ఆఫీసు పాంట్రీలో పెట్టేశా. పదింటికి పెట్టా. పదకొండున్నరకి వెళ్లి చూస్తే నెయ్యి మరకలు, కాస్త బెల్లం పొడి. మా టీమ్ లీడ్ వేలితో ఆ పొడి అద్దుకుంటూ, ‘బాస్, ఇదెక్కడ దొరుకుద్ది?’ అన్నాడు. లొకేషన్ పంపా.